పాఠశాలలో పరిశోధన నేర్పడం: ప్రత్యేక పీరియడ్ కావాలా, పాఠంలోనే కలపాలా?

పుస్తకసేవ (చర్చ ప్రారంభించినవారు):

మిత్రులకు నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయాన్ని చూసుకుంటున్నాను. ప్రాజెక్టుల కోసం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది అడిగేది ‘తేనెటీగల మీద ఏమైనా ఉందా?’ అనే తీరులోనే ఉంటుంది. వారి చేతికి ఒక శీర్షిక మాత్రమే ఇచ్చి పంపారు; ఆ శీర్షిక గురించి ఏమి తెలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు, వారూ అడగలేదు. అందుచేత సెర్చ్ ఇంజిన్‌లో మొదట కనిపించిన పేజీని అచ్చు తీసి, రెండు బొమ్మలు అతికించి, అందమైన అట్ట వేసి ఇచ్చేస్తారు. దానికి మంచి మార్కులే వస్తాయి.

వచ్చే విద్యా సంవత్సరం నుంచి సమాచార అక్షరాస్యతకు వారానికి ఒక పీరియడ్ ఇవ్వడానికి మా ప్రధానోపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు. ఈ మాటను అమెరికా సమాచార పరిశ్రమ సంఘానికి అధ్యక్షుడైన పాల్ జుర్కోవ్‌స్కీ 1974లోనే వాడారు. తమకు సమాచారం అవసరమైన సందర్భాన్ని గుర్తించి, దానిని వెదికి, విలువ కట్టి, సరిగా వాడుకోగలగడమే ఈ అక్షరాస్యత అని 1989లో అమెరికా గ్రంథాలయ సంఘం నియమించిన కమిటీ వివరించింది. ఇన్నేళ్ళ తరువాత కూడా చాలా పాఠశాలల్లో దీనిని కంప్యూటర్ వాడటం నేర్పడంగానే చూస్తున్నారు.

ఇచ్చిన పీరియడ్‌ను విడిగా నడపాలా, లేక సబ్జెక్టు ఉపాధ్యాయులతో కలిసి వారి పాఠాల్లోకి తీసుకువెళ్ళాలా? ఏ తరగతి నుంచి మొదలుపెట్టాలి? మార్కులు ఎలా ఇవ్వాలి? ఈ మూడింటిపై మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

చరిత్ర_పాఠం:

పుస్తకసేవ గారూ, విడి పీరియడ్ వద్దని నా గట్టి అభిప్రాయం. విడిగా పెట్టిన మరుక్షణమే అది ‘సమాచార అక్షరాస్యత అనగానేమి? దాని మెట్లు రాయుము’ అనే ఐదు మార్కుల ప్రశ్నగా మారిపోతుంది. పిల్లలు మెట్లు కంఠస్థం చేస్తారు, ప్రాజెక్టు మాత్రం పాత పద్ధతిలోనే చేస్తారు.

1991లో శామ్ వైన్‌బర్గ్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు ప్రచురించిన ఒక అధ్యయనాన్ని నేను తరచుగా గుర్తుచేసుకుంటాను. ఆయన ఒకే చారిత్రక ఘటనకు సంబంధించిన పత్రాలను కొందరు చరిత్రకారులకూ, కొందరు ఉన్నత పాఠశాల విద్యార్థులకూ ఇచ్చి, చదువుతున్నప్పుడు మనసులో మెదిలేదంతా పైకి చెప్పమన్నారు. విద్యార్థులు మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా వరుసగా చదివారు. చరిత్రకారులు ముందుగా ఆ పత్రాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు, ఏ ఉద్దేశంతో రాశారో చూసుకుని, ఆ తరువాతే విషయంలోకి వెళ్ళారు. ఆ ఘటన తమ ప్రత్యేక అధ్యయన రంగం కాని చరిత్రకారులు కూడా ఇదే పని చేశారన్నది గమనించదగ్గది. ఈ అలవాటు చరిత్ర చదువులో భాగంగా వచ్చింది కాని, విడిగా చదివిన ఏదో నైపుణ్య పాఠం వల్ల వచ్చింది కాదు.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు:

చరిత్ర_పాఠం గారి భయం సరైనదే, అయితే టైమ్‌టేబుల్ వేసినవాడిగా ఒక మాట చెప్పాలి. ‘అన్ని సబ్జెక్టుల్లోనూ కలపండి’ అని సర్క్యులర్ పంపిన ప్రతి మంచి పనీ ఎవరి బాధ్యతా కాకుండా పోవడం నేను చూశాను. సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయుడు ముందుగా వదిలేసేది తన పేరు రాయని పనినే.

కాబట్టి పీరియడ్ ఉండనివ్వండి, దాని బాధ్యత గ్రంథాలయానిదిగానే ఉండనివ్వండి. ఆ పీరియడ్‌లో పిల్లలు చేసే పని మాత్రం ఆ నెలలో నడుస్తున్న చరిత్ర పాఠానిదో, సామాన్యశాస్త్ర పాఠానిదో కావాలి. ఏడాదంతా కూడా అక్కరలేదు. వైన్‌బర్గ్ బృందమే 2022లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, పౌరశాస్త్రం వంటి తప్పనిసరి తరగతిలో భాగంగా 50 నిమిషాల చొప్పున ఆరు పాఠాలు చెప్పారు. 499 మంది విద్యార్థులపై జరిగిన ఆ అధ్యయనంలో, పాఠాలు విన్నవారు వెబ్‌సైట్లు ఎంత నమ్మదగినవో తేల్చడంలో విననివారికంటే మెరుగయ్యారు.

వార్తా_పరిశీలన:

నేను ఉపాధ్యాయుడిని కాను. వార్తల నిజనిర్ధారణ నా వృత్తి. పాఠశాలల్లో నేర్పుతున్న పద్ధతికీ, మేము రోజూ చేసే పనికీ ఉన్న దూరం గురించి చెప్పాలనుకుంటున్నాను.

చాలాచోట్ల పిల్లలకు ఒక ప్రశ్నల పట్టిక ఇస్తారు: పేజీ తాజాగా ఉందా, రచయిత పేరు ఉందా, అక్షర దోషాలు ఉన్నాయా, ‘మా గురించి’ అనే విభాగం ఉందా, వెబ్ చిరునామా చివర .com ఉందా, .org ఉందా అని. వీటన్నిటికీ జవాబు ఆ పేజీలోనే దొరుకుతుంది. అంటే పేజీ పెట్టినవాడు తన గురించి తాను చెప్పుకున్న దానిని బట్టే అతనికి మార్కులు వేస్తున్నామన్నమాట. మోసం చేయదలచినవాడికి దోషాలు లేకుండా రాయడమూ, అందమైన ముద్ర పెట్టుకోవడమూ ఏమంత కష్టం కాదు.

2017లో వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి 45 మంది చదివే తీరును పరిశీలించారు. వారిలో 10 మంది చరిత్రలో డాక్టరేట్ ఉన్నవారు, 10 మంది వృత్తిరీత్యా నిజనిర్ధారకులు, 25 మంది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఒక పనిలో పిల్లల వైద్యానికి సంబంధించిన రెండు సంస్థల పేజీలు చూపించారు. ఒకటి 1930లో ఏర్పడిన పెద్ద వైద్యుల సంఘం; రెండోది 2002లో దాని నుంచి విడిపోయిన చిన్న బృందం. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, రెండు సైట్లూ చూపుకు గంభీరంగానే ఉంటాయి. చరిత్రకారుల్లోనూ విద్యార్థుల్లోనూ చాలామంది ఆ పేజీల్లోనే పైకీ కిందికీ తిరుగుతూ ఉండిపోయారు. నిజనిర్ధారకులు కొద్దిసేపట్లోనే ఆ పేజీని వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. దీనినే లాటరల్ రీడింగ్ అంటున్నారు. కొత్త ఊరికి వెళ్ళినవాడు ఒక మనిషి గురించి ఆ మనిషినే కాకుండా ఇరుగుపొరుగును విచారించడం వంటిదే ఇది.

ఇంటర్నెట్ సమాచారాన్ని సరిచూడటం నేర్పే మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో రూపొందించిన సిఫ్ట్ పద్ధతి దీనినే నాలుగు కదలికలుగా చెబుతుంది. ముందు ఆగడం, తరువాత చెప్పినవారెవరో విచారించడం, అదే విషయంపై ఇంతకంటే మంచి కథనం ఉందేమో వెదకడం, చివరిగా ఆ మాటను అది పుట్టిన చోటి దాకా వెంబడించడం. ఇవి పట్టికలో టిక్కులు పెట్టుకునే అంశాలు కావు, చేతితో చేయవలసిన పనులు. ఎనిమిదో తరగతి పిల్లలు వీటిని నేర్చుకోగలరని నా నమ్మకం.

శాస్త్ర_ప్రయోగం:

వార్తా_పరిశీలన గారు చెప్పిన నాలుగో కదలికే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే తక్కువగా నేర్పుతున్నదీ అదే. దానికి నేను తరగతిలో వాడే ఉదాహరణ పాలకూర.

పాలకూరలో ఇనుము విపరీతంగా ఉంటుందన్న నమ్మకం పంతొమ్మిదో శతాబ్దంలో ఒక శాస్త్రవేత్త దశాంశ బిందువును తప్పు చోట పెట్టడం వల్ల పుట్టిందనీ, అసలు విలువ అందులో పదో వంతేననీ ఒక కథ ఉంది. శాస్త్రంలో జాగ్రత్త ఎంత అవసరమో చెప్పడానికి ఉపాధ్యాయులు ఇష్టంగా చెప్పే కథ ఇది. 1981లో ఒక ప్రసిద్ధ బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం ద్వారా బాగా వ్యాపించింది. 2010లో మైక్ సట్టన్ అనే పరిశోధకుడు దీని మూలం కోసం వెదికితే, ఆ దశాంశ బిందువు పొరపాటు జరిగిందనడానికి ఆధారమే దొరకలేదు. అజాగ్రత్తను ఖండించడానికి చెప్పిన కథనే దశాబ్దాల పాటు ఎవరూ మూలం చూడకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు.

పిల్లలు ఈ కథను మొదట నమ్ముతారు, తరువాత ఆశ్చర్యపోతారు, ఆ తరువాత తమ పాఠ్యపుస్తకంలోని వాక్యాలను కూడా ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్న నా వైపు తిరిగినప్పుడు కూడా నాకు సంతోషమే.

అమ్మ_చదువరి:

ఉపాధ్యాయులు మాట్లాడుకుంటున్న చోట తల్లిగా నా సందేహాలు చెప్పవచ్చునని అనుకుంటున్నాను.

మొదటిది, ఇంటికి పంపే ప్రాజెక్టులు చాలా ఇళ్ళల్లో పిల్లలు చేయడం లేదు, మేము చేస్తున్నాము. రాత్రి పదింటికి రేపు ఇవ్వాలని చెబితే పిల్లకు వెదకడం నేర్పే తీరిక ఎవరికి ఉంటుంది? చదువుకున్న తల్లిదండ్రులు, ఇంట్లో ప్రింటర్ ఉన్నవారు నెగ్గుకొస్తారు, లేనివారి పిల్లలు వెనుకబడతారు. పరిశోధన నేర్పాలనుకుంటే అది బడి వేళల్లో, బడిలోనే జరగాలి.

రెండోది ఇంకా పెద్ద భయం. ‘దేనినీ నమ్మకు, అన్నిటినీ ప్రశ్నించు’ అని పదే పదే చెబితే పిల్లలు నిజంగానే దేనినీ నమ్మని స్థితికి వస్తారేమో! మా బంధువుల్లో కొందరు వైద్యులను, శాస్త్రవేత్తలను, పత్రికలను అన్నిటినీ అనుమానిస్తారు కాని, ఫోన్‌లో వచ్చిన పేరులేని సందేశాన్ని మాత్రం నమ్ముతారు. వారు కూడా తాము ‘సొంతంగా పరిశోధించామనే’ చెబుతారు.

వార్తా_పరిశీలన:

అమ్మ_చదువరి గారూ, మీ రెండో సందేహం ఈ రంగంలో పనిచేసేవారినే కలవరపెట్టిన విషయం. డానా బోయిడ్ అనే పరిశోధకురాలు 2018లో ఇదే వాదనను బహిరంగంగా ముందుకు తెచ్చారు. అనుమానించడం మాత్రమే నేర్పి, దేనిని ఎందుకు నమ్మవచ్చో నేర్పకపోతే ఆ పాఠం ఎదురు తిరుగుతుందని ఆమె హెచ్చరిక సారాంశం.

నా అనుభవంలో సమస్య అనుమానపు మోతాదులో లేదు, అది ఎక్కడ ఆగాలో తెలియకపోవడంలో ఉంది. వైన్‌బర్గ్ ఉన్న స్టాన్‌ఫర్డ్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో 3,446 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు, అమెరికా ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని చెప్పే ఒక వీడియో చూపించారు. నిజానికి అది రష్యాలో తీసినది. సగానికి పైగా విద్యార్థులు దానిని బలమైన సాక్ష్యమన్నారు. వెదకడానికి ఇంటర్నెట్ వారి ముందే ఉన్నా, ఆ వీడియో అసలు మూలాన్ని పట్టుకున్నవారు ముగ్గురే. నమ్మనివారిలో కూడా చాలామంది వెదకలేదు. వారు అనుమానించారు, అంతే. నమ్మినవారూ నమ్మనివారూ ఇద్దరూ ఆ పేజీ ముందే కూర్చుండిపోయారు.

కాబట్టి ప్రతి అభ్యాసంలోనూ ఒక నిర్ణయం దాకా తీసుకువెళ్ళాలి. తరగతిలో ఇచ్చే ఉదాహరణల్లో సగమైనా నిజమైనవి, నమ్మదగినవి ఉండాలి. అబద్ధాలనే వరుసగా చూపించే పాఠం పిల్లలకు ‘అన్నీ అబద్ధాలే’ అనే పాఠమే చెబుతుంది. ఒక సంస్థ తన తప్పులను సవరించి ప్రకటిస్తుందా, తన లెక్కల పద్ధతిని బయటపెడుతుందా, దానిని తప్పుపట్టే అవకాశం ఇతరులకు ఉందా అని చూడటం నేర్పితే, నమ్మకానికి కూడా కారణాలు ఉంటాయని తెలుస్తుంది.

ప్రాథమిక_తరగతి:

ఎనిమిదో తరగతి దాకా ఆగనవసరం లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు నేను గ్రహాల గురించి రెండు పుస్తకాలు ఇస్తాను, ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఒకదానిలో తొమ్మిది గ్రహాలు ఉంటాయి, రెండోదానిలో ఎనిమిది. ఏది తప్పు అని గొడవ మొదలవుతుంది. అప్పుడు పుస్తకం లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం ఎక్కడ ఉంటుందో చూపించి, 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించిన సంగతి చెబుతాను. ఆ రోజు నుంచి వారు ఏ పుస్తకం తీసినా సంవత్సరం వెదుకుతారు. ఇంటర్నెట్ అవసరమే రాలేదు.

విషయసూచిక వాడటం, చివర ఉండే పదసూచికలో ఒక మాట పట్టుకుని సరైన పేజీకి వెళ్ళడం కూడా ఈ వయసులోనే నేర్పాలి. పదసూచికలో ఏ మాటతో వెదకాలో ఆలోచించగలిగిన పిల్లకు సెర్చ్ పెట్టెలో ఏమి రాయాలో తరువాత తేలికగా తెలుస్తుంది.

భాషా_బోధన:

కాపీ విషయం ఎవరూ ప్రస్తావించలేదు. మనం దానిని దొంగతనంగా మాత్రమే చూస్తున్నాము. చాలామంది పిల్లలు మూలంలోని వాక్యంలో రెండు మాటలు మార్చి తమ సొంత వాక్యమని నిజంగానే అనుకుంటారు. రెబెక్కా మూర్ హోవర్డ్ అనే రచనా బోధకురాలు ఇటువంటి రాతను, కొత్త విషయాన్ని ఇంకా పూర్తిగా అర్థం చేసుకోని విద్యార్థి దాటే ఒక దశగా చూడాలన్నారు. నేను దానితో ఏకీభవిస్తాను. తనకు అర్థం కాని పేరాను తన మాటల్లో చెప్పడం ఎవరివల్లా కాదు.

అందుకని చదివిన తరువాత పుస్తకం మూయించి, తెర ఆర్పించి, పక్కవారికి నోటితో చెప్పించి, ఆ చెప్పినదానిని రాయిస్తాను. ఆ తరువాత మూలం తెరిచి అంకెలూ పేర్లూ సరిచూసుకోమంటాను. యథాతథంగా కావలసిన వాక్యం ఉంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎక్కడిదో పక్కనే రాయాలి. నోటు రాసేటప్పుడే రాయకపోతే చివర్లో ఎక్కడిదో గుర్తు ఉండదు.

ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాక వెదకడం, చదవడం, తన మాటల్లో రాయడం అనే మూడు పనులూ ఒకేసారి జరిగిపోతున్నాయి. పిల్లవాడు వీటిలో ఏదీ చేయడం లేదు. పదో తరగతి దాకా ప్రాజెక్టుల్లో వీటిని నిషేధించాలని నేను అనుకుంటున్నాను.

శాస్త్ర_ప్రయోగం:

భాషా_బోధన గారూ, రాయడానికి వాడవద్దంటే ఒప్పుకుంటాను. పూర్తి నిషేధం మాత్రం అమలు కాదు, పైగా తరగతిలో పరీక్షించి చూసే అవకాశాన్ని పోగొడుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్ జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేవని తేలి, న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. చదువుకున్న పెద్దలే అలా చేసినప్పుడు పిల్లలకు మనం చూపించవలసిందే. ఒక విషయంపై దానిని ఆధార గ్రంథాల జాబితా అడిగి, అవి నిజంగా ఉన్నాయా, ఉంటే అందులో ఆ మాట ఉందా అని గ్రంథాలయంలోనూ ఇంటర్నెట్‌లోనూ వెదికిస్తే, అదే పూర్తి పీరియడ్ పాఠం అవుతుంది.

భాషా_బోధన:

పాఠంగా సరే. ఇంటి పనిలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

చరిత్ర_పాఠం:

మార్కుల సంగతికి వస్తాను, ఎందుకంటే మనం ఇక్కడ ఎంత మాట్లాడుకున్నా పిల్లలు మార్కులు ఎక్కడ ఉంటే అటే నడుస్తారు. అట్ట, బొమ్మలు, చేతిరాత వీటికి ఇచ్చే మార్కులు ముందుగా తీసేయాలి. తుది నివేదికకు సగానికి మించి ఇవ్వకూడదు. మిగతా సగం దారి మొత్తానికీ పంచాలి: ప్రశ్న ఎలా మారుతూ వచ్చింది, ఏ మాటలతో వెదికారు, ఏ మూలాన్ని ఎందుకు వదిలేశారు. ముఖ్యంగా వదిలేసిన మూలం గురించి ఒక వాక్యం రాయమంటే, పిల్లవాడు నిజంగా తూచి చూశాడో లేదో అందులో తెలిసిపోతుంది. దొరికిన ప్రతిదాన్నీ వాడుకున్నవాడికి ఆ వాక్యం రాయడం రాదు.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు:

దీనికి తరగతిలో 40 మంది పిల్లలున్న ఉపాధ్యాయుడికి సమయం ఎక్కడిదని అడుగుతారు. ఏడాదికి నాలుగు ప్రాజెక్టులు ఇచ్చేచోట ఒక్కటే ఇవ్వండి. మిగతా మూడు పోయినందువల్ల ఏ పిల్లకూ నష్టం లేదు.

పుస్తకసేవ:

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని మాటల తరువాత నాకు ఒకటి స్పష్టమైంది: ప్రశ్న లేకుండా గ్రంథాలయానికి పంపిన పిల్లకు ఏ వెదకులాట పద్ధతీ పనికిరాదు. ‘తేనెటీగలు’ అనే శీర్షికకు జవాబు ఒక పేజీలో దొరుకుతుంది, దానిని ఎత్తి రాసుకోవడం సహజం. ‘తేనెటీగల సంఖ్య తగ్గడానికి పురుగుమందులు ఎంతవరకు కారణం, ఇతర కారణాలు ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఏ ఒక్క పేజీనీ ఎత్తి రాయలేరు. పురుగుమందులు తయారుచేసేవారు చెప్పేదీ, తేనెటీగల పెంపకందారులు చెప్పేదీ, కీటక శాస్త్రవేత్తలు చెప్పేదీ పక్కపక్కన పెట్టుకోవాలి. ఎవరికి ఏ ప్రయోజనం ఉందో అప్పుడు మనం చెప్పకుండానే వారు అడుగుతారు.

అయితే ఆ ప్రశ్న మొదటి రోజునే రాదు. కారల్ కుల్తావు అనే గ్రంథాలయశాస్త్ర పరిశోధకురాలు విద్యార్థుల వెదకులాటను ఏళ్ళ తరబడి గమనించి, 1991లో ఒక నమూనా ప్రచురించారు. విషయం ఎంచుకున్నప్పుడు ఉత్సాహం ఉంటుంది, కాస్త చదవగానే అయోమయం, అనుమానం పెరుగుతాయి, ఏ కోణంలో చూడాలో తేలిన తరువాతే ధైర్యం వస్తుంది. మధ్యలోని ఆ అయోమయంలోనే పిల్లలు ఇంటికి వెళ్ళి అమ్మ_చదువరి గారి వంటి తల్లుల ముందు ఏడుస్తున్నారు. ఉపాధ్యాయులు, గ్రంథాలయాధికారి పక్కన ఉండవలసింది సరిగ్గా అప్పుడే. మనం మాత్రం మొదటి రోజు శీర్షిక ఇచ్చి, చివరి రోజు నివేదిక తీసుకుంటున్నాము.

కాబట్టి ఇలా చేయాలనుకుంటున్నాను. ఎనిమిదో తరగతితో మొదలుపెట్టి, సామాన్యశాస్త్ర, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులతో కలిసి ఒక్కో అర్ధ సంవత్సరానికి ఒకే ప్రాజెక్టు, మొత్తం పని పీరియడ్‌లోనే. మొదటి రెండు పీరియడ్లు చదవడానికే, అప్పటికి ఎవరూ ఏమీ రాయరు. మూడో పీరియడ్‌లో ప్రతి పిల్లా తన ప్రశ్నను నా ముందు చెప్పి, దానికి జవాబు ఎవరి దగ్గర ఉండవచ్చో ఊహించాలి. ఆ తరువాతే వెదకడం, పేజీ వదిలి బయట విచారించడం, నోట్లు. చాట్‌బాట్ పాఠం ఒక పీరియడ్, శాస్త్ర_ప్రయోగం గారు చెప్పిన పద్ధతిలో. మార్కులు చరిత్ర_పాఠం గారు చెప్పినట్టు.

ప్రాథమిక_తరగతి:

చాలా బాగుంది. ఒక చిన్న సందేహం. మూలాల జాబితా రాయమంటే మా పిల్లలు ‘గూగుల్’ అని రాస్తారు. పెద్ద తరగతుల్లోనూ ఇదే చూశాను. రచయిత పేరే లేని పేజీ అయితే ఏమి రాయించాలి?

పుస్తకసేవ:

గూగుల్ దారి చూపించింది మాత్రమేనని, సమాచారం ఇచ్చింది ఆ దారి చివర ఉన్న పేజీ అని మొదటి రోజే చెప్పాలి. చిన్న తరగతులకు నాలుగు వివరాలు చాలు: ఎవరు రాశారు, శీర్షిక ఏమిటి, ఏ సంస్థ ప్రచురించింది, ఏ సంవత్సరం. వెబ్ పేజీ అయితే చూసిన తేదీ కూడా. వ్యక్తి పేరు లేనప్పుడు సంస్థ పేరు రాయించండి. వికీపీడియా వంటి చోట పేజీ అడుగున ఉన్న ఆధారాల్లో ఒకదానిని తెరిచి, ఆ మాట అక్కడ ఉంటే ఆ ఆధారాన్నే రాయించండి. వ్యక్తి పేరూ సంస్థ పేరూ రెండూ దొరకకపోతే జాబితాలో ఆ గడిని ఖాళీగానే ఉంచమనండి. ఆ ఖాళీని చూసి ఆ పేజీని ఉంచాలో తీసేయాలో పిల్లలే తేల్చుకోనివ్వండి.